పద్నాలుగో ఆసనంలో లోపం

పాఠం పిల్లలకి అర్థమైందో లేదో ఇకమీదట మాస్టార్లు చూసుకోనక్కర్లేదని, ఆ సంగతి గోడ చూసుకుంటుందని డిసెంబరులో మా హైస్కూలుకి సర్క్యులర్ వచ్చింది.

గోడ అంటే ఒట్టి గోడ కాదు. పదో తరగతి గదిలో నల్లబల్లని పూర్తిగా కప్పేస్తూ నాలుగు బోల్టులతో బిగించిన పెద్ద తెర. పేరు బోధతరంగిణి. అందులో జరీ అంచు చీర కట్టుకున్న బొమ్మ టీచరమ్మ ఉంటుంది. ఆవిడ కాసేపు పాఠం చెప్పి, ఆగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "అర్థమైందా, చిన్నారులూ?" అని అడుగుతుంది. మా జవాబు వినడానికి బల్లల మీద ఒక్కొక్కరి ముందు ఒక్కో మైకు అతికించారు. చొక్కా బొత్తామంత ఉంటుంది. పక్కనే నంబరు. నాది పద్నాలుగు.

సర్క్యులర్‌ని మా హెడ్మాస్టారు లింగరాజు గారు ప్రార్థన దగ్గర చదివి వినిపించారు. తరగతిలో నూటికి తొంభై మంది అర్థమైందని పలికితే ఆ పాఠం 'అవగాహన పొందిన పాఠముగా పరిగణించబడును'. అలాంటి పాఠానికి 'తాళము వేయబడును'. తాళం పడిన పాఠాన్ని మళ్లీ చెప్పడమంటే విద్యార్థుల అవగాహనను శంకించడమే కాబట్టి, అందుకు పాల్పడిన ఉపాధ్యాయుడి మీద చర్య ఉంటుంది. ఏమీ పలకని వాళ్ల సంగతి కూడా మరిచిపోలేదు. మౌనం అర్ధాంగీకారం గనక వాళ్లకి అర మార్కు. టైపు చేసినాయన 'అర్ధాంగీకారం'లో ధకి బదులు థ కొట్టాడట. దాంతో దాని అర్థం ఏమిటని తెలుగు పండితుడు గారికీ హెడ్మాస్టారికీ వారం రోజులు వాదన నడిచింది.

జనవరిలో లెక్కల టీచరు కళావతి గారు ప్రసవానికి సెలవు పెట్టారు. ఆవిడ తిరిగొచ్చేదాకా పని చెయ్యడానికి అప్పలసూరి మాస్టారు వచ్చారు. పక్క మండలంలో రేకుల షెడ్డులో పదిహేనేళ్లు ట్యూషన్లు చెప్పిన మనిషి. తరగతిలో అడుగు పెడితే పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడతారు. మా అమ్మలా 'ఎల్లు, సెప్పు, సూడు' అనరు.

ఆ పుస్తకం భాషే మొదటి రోజు ఆయన కొంప ముంచింది. ఎందుకంటే బోధతరంగిణి కూడా ఆ భాషే వింటుంది.

"ఒరే చలపతీ, వెనక్కి తిరిగి ఏమిటా మాటలు?" అన్నారు మాస్టారు. తెర వెనక్కి తిరిగి అంతకుముందు పాఠానికి వెళ్లిపోయింది.

"ఇదేమిటి? ముందుకి రావాలంటే ఎలాగ?" అన్నారు. తెర ముందుకొచ్చి, రావలసిన పాఠం దాటి, ఆపై పాఠానికి పోయింది.

"అమ్మా తల్లీ, కాస్త ఆపు!" అన్నారు.

టీచరమ్మ నమస్కారం పెట్టి ఆరిపోయింది. మళ్లీ వెలగడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. అందులో ఆరు నిమిషాలు స్వాగత గీతం. నా పక్కన కూర్చునే దమయంతి చున్నీ చెంగుతో నోరు మూసుకుని నవ్వింది. "ఒలే మంగా, మాస్టారు తనలో తాను మాటాడుకున్నా అది ఇంటాదే. పాపం, ఈయనకింక మనసులో తిట్టుకోడమే గతి."

చివరికి త్రికోణమితి మొదలైంది.

"లంబకోణ త్రిభుజమునందు తీటా కోణమునకు ఎదుటి భుజమునకును, కర్ణమునకును గల నిష్పత్తిని సైన్ తీటా అందురు. అర్థమైందా, చిన్నారులూ?"

ముప్పై మంది ఒక్క గొంతుతో అరిచారు. "అర్థమవనేదు!"

తెర నిండా చుక్కలు రాలాయి. చప్పట్లు మోగాయి. "అద్భుతం! తరువాతి అంశమునకు వెళ్దాం," అంది టీచరమ్మ.

మాస్టారు తెర వంకా మా వంకా మార్చి మార్చి చూశారు. ఆయనకి కొత్త గాని మాకు అలవాటైపోయింది. మొదటి వారంలో మేమూ ఆశ్చర్యపోయాం. అర్థమవనేదంటే ఈవిడ మురిసిపోవడమేమిటని. రెండో వారానికి చలపతి ఒక విషయం కనిపెట్టాడు. ఎంత గట్టిగా అరిస్తే పాఠం అంత బేగి అయిపోతుంది, మిగిలిన పీరియడంతా కబడ్డీ. అప్పట్నుంచీ ప్రాణం పెట్టి అరుస్తున్నారు.

నలభై నిమిషాల్లో త్రికోణమితి పూర్తయింది. తెర మీద ఇత్తడి తాళం కప్ప బొమ్మ పడింది. టక్‌మని చప్పుడు కూడా వచ్చింది.

హాజరు పట్టీ ఇవ్వడానికి నేను ఆఫీసు గదికి వెళ్లేసరికి మాస్టారు అక్కడే ఉన్నారు.

"పిల్లలకి ఒక్క ముక్క రాలేదండీ. మళ్లీ చెప్పాలి."

"తాళం పడిందంటే వచ్చినట్టేనండీ," అన్నారు హెడ్మాస్టారు.

"రాలేదండీ. వాళ్లే అంటున్నారు."

"వచ్చిందని నా దగ్గర రికార్డుంది. రాలేదని మీ దగ్గర రికార్డుందా?"

మాస్టారి దగ్గర రికార్డు లేదు. మర్నాడు ఆయన మమ్మల్ని కింద కూర్చోబెట్టి, నేల మీద గీత గీసి, "తీటా అంటే" అన్నారో లేదో, తెర దానంతటదే వెలిగింది. "తాళము వేయబడిన పాఠము వినిపించుచున్నది. నమోదు చేయబడినది." సాయంత్రానికి మెమో వచ్చింది. ఇంకోసారి జరిగితే ఆయన్ని పంపించేస్తారు. బడి బయట చెప్పొచ్చు కదా అంటే, బయట చెబితే అది ట్యూషను. అది ఇంకా పెద్ద తప్పు.

పరీక్షలకి ఎనిమిది వారాలుంది. లెక్కల పేపర్లో పెద్ద ప్రశ్నలు రెండు త్రికోణమితి నుంచే వస్తాయి. మిగతా లెక్కల్లో నేను అంతంత మాత్రం. అవి వదిలేస్తే తప్పుతాను. తప్పితే ఏమవుతుందో మా ఇంట్లో చెప్పుకోనక్కర్లేదు. మా అమ్మ జీడిపిక్కల బట్టీలో పని చేస్తుంది. పిక్క చమురుకి వేళ్ల చివర్లు నల్లగా కమిలిపోయి ఉంటాయి. అన్నం కలిపేటప్పుడు ఆ వేళ్లని చూడనట్టే చూస్తూ ఉంటాను. మా పెదనాన్న కూతురు కిందటేడు లెక్కల్లో తప్పింది, ఇప్పుడు అమ్మ పక్క పీట మీదే కూర్చుంటోంది. "ఇంకో పీట కాళీగా ఉన్నాదటే," అంది అమ్మ ఒకసారి, నవ్వకుండా.

జనవరి నెలాఖరున జిల్లా పట్టిక వచ్చింది. మా తరగతి అవగాహన తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. జిల్లాలో మూడో స్థానం. హెడ్మాస్టారికి సంతోషం ఒక పూటే నిలిచింది. ఆ మిగతా ఒకటిన్నర ఎక్కడ పోయిందని గుమాస్తాని కూర్చోబెట్టి లెక్క కట్టించారు. ముప్పై మంది ఒక్కొక్క మార్కు తెస్తున్నారు. పద్నాలుగో ఆసనం మాత్రం రోజూ అర తెస్తోంది.

నేను అరవను. పట్టుదల ఏమీ కాదు. నలుగురిలో నోరు తెరిస్తే నాలుక ఎండిపోతుంది.

"నువ్వేనా ఆ అర?" అన్నారు హెడ్మాస్టారు నన్ను పిలిపించి.

తల ఊపాను.

"చూడమ్మా, నీ అర వల్ల బడికి మొదటి స్థానం పోయింది. శుక్రవారం నాడు జిల్లా అవగాహనాధికారి గారు వస్తున్నారు. ఆ రోజు నోరు తెరవాలి. అందరూ ఏం అంటారో నువ్వూ అదే అనాలి. తెలిసిందా?"

ఆ రోజు నుంచి దమయంతి నన్ను 'అర్ధణా' అని పిలవడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ చేతులు కడుక్కుంటూ, "పెద్దోల ముందల మన బాస మాటాడీకు. నవ్వుతారు. పుస్తకంలో ఉన్నాదే, అలగ మాటాడు," అంది. నాలుగు రోజులు అద్దం ముందు నిలబడి సాధన చేశాను. అందరూ ఏమంటారో అదే అనాలి. అందరూ అనేది 'అర్థమవనేదు'. దాన్ని పుస్తకంలో ఎలా ఉంటుందో అలా అనాలి. నేను చేసినది ఇంతే. పెద్దవాళ్లు చెప్పిన మాట ఒక్కటి కూడా దాటలేదు.

శుక్రవారం అవగాహనాధికారి పురుషోత్తమరావు గారు వచ్చారు. ఆయనతో మా విజయరహస్యం తెలుసుకోవడానికి పన్నెండు బడుల హెడ్మాస్టర్లు నోటు పుస్తకాలతో వచ్చారు. అధికారి గారు దండ వేయించుకుని ఉపన్యసించారు.

"అవగాహన అనునది ఒకప్పుడు విద్యార్థి మనసులో మరుగుపడి ఉండెడిది. దానిని మేము మనసులో నుండి వెలికి తీసి పట్టికలో పొందుపరచితిమి. నేడు జిల్లాలో అవగాహనకు లోటు లేదు. ఇక విద్య ఒక్కటే మిగిలినది. దానిని కూడా వచ్చే విద్యా సంవత్సరమున చేపట్టెదము."

తర్వాత బోధతరంగిణి వెలిగింది. పాఠం 'త్రికోణమితి అనువర్తనాలు'. ఎత్తులు, దూరాలు. సగం చెప్పి టీచరమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"అర్థమవనేదు!" అన్నారు ముప్పై మంది. చుక్కలు రాలాయి. వచ్చిన హెడ్మాస్టర్లు గబగబా రాసుకున్నారు. వాళ్లలో ఒకాయన పెన్ను ఆపి, "ఏటండీ లింగరాజు గారూ, పిల్లలు అర్థమవనేదంటన్నారు?" అని చెవిలో అడిగాడు.

"మనం వినడానికి కాదండీ అది. బోర్డు వినాలి," అన్నారు మా హెడ్మాస్టారు.

నేను ఒక్క క్షణం వెనకబడ్డాను. చుక్కలు ఇంకా రాలుతూనే ఉన్నాయి. లేచి నిలబడి, మైకు వైపు వంగి, స్పష్టంగా, ఒక్కో అక్షరం విడివిడిగా అన్నాను. "అర్థం కాలేదు."

చుక్కలు గాలిలోనే ఆగిపోయాయి. తెర ఎర్రబడింది. అంబులెన్సు వచ్చినట్టు కూత మొదలైంది. టీచరమ్మ మాయమై పెద్ద అక్షరాలు వచ్చాయి.

'పద్నాలుగవ ఆసనమునందు లోపము గుర్తించబడినది. లోపము సవరించబడువరకు పాఠము నిలిపివేయబడినది.'

అధికారి గారు నా దగ్గరికి వచ్చి, నన్ను గాక నా వెనక గోడని చూస్తూ అడిగారు. "ఈ లోపము ఎన్నాళ్లుగా ఉన్నది?"

"నిన్నటి దాకా సగం పని చేసేదండి," అన్నారు హెడ్మాస్టారు.

సోమవారం నన్ను బాగు చెయ్యడానికి మనిషొచ్చాడు. పేరు పైడినాయుడు. ఆటో మీద నిచ్చెన కట్టుకుని, చేతిలో పనిముట్ల సంచితో దిగాడు. మైకు చూశాడు, తీగ చూశాడు, బాగానే ఉన్నాయి. పరీక్ష కోసం వంగి మైకులో "అర్థమవనేదు" అన్నాడు. చుక్కలు రాలాయి. "అర్థం కాలేదు" అన్నాడు. ఎర్రబడింది. మళ్లీ అదన్నాడు, మళ్లీ ఇదన్నాడు. తర్వాత నేల మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"ఓలమ్మో! దీనికి 'లేదు' ఒకటే నేర్పినార్రా పట్నమోలు. మన 'నేదు' దీనికి తెల్దు. 'అర్థం' ఒక్క మాటే ఇనబడతాది, మిగతాదంతా దగ్గనుకుంటాది!"

"అయితే అదే రాసి పంపించు నాయుడూ," అన్నారు అప్పలసూరి మాస్టారు.

"ఎక్కడ రాయమంటారు?" అని కాగితం చూపించాడు. "లోపం ఎక్కడుందో రాయడానికి గడులు మూడే. ఆసనం, తీగ, మైకు. బోర్డు అని గడి నేదు. తీగ బాగున్నాది. మైకు బాగున్నాది. ఇంకేటున్నాది? ఈ గుంటే."

కాగితం నింపడం మొదలుపెట్టాడు. లోపమున్న వస్తువు: బాలిక, ఒకటి. "తయారైన సంవత్సరం ఏటమ్మా?" అని అడిగాడు. పుట్టిన సంవత్సరం చెప్పాను. "ఇంతకుముందు ఎప్పుడైనా విప్పినారా?" అన్నాడు. చిన్నప్పుడు చెయ్యి విరిగితే కట్టు కట్టారని చెప్పాను. అదీ రాసుకున్నాడు.

తర్వాత సవరణ విధానం. మొదటిది, 'ఆపి, పది నిమిషాలాగి, మరల వేయుము.' నన్ను బయటికి పంపారు. కుళాయి దగ్గర పది నిమిషాలు నిలబడి మళ్లీ వచ్చి కూర్చున్నాను. టీచరమ్మ అడిగింది. అర్థం కాలేదు.

రెండోది, 'స్థానము మార్చి చూడుము.' నన్ను దమయంతి చోట కూర్చోబెట్టి దమయంతిని నా చోట పెట్టారు. పద్నాలుగు పచ్చబడింది, పదిహేను ఎర్రబడింది.

"లోపం బల్లలో నేదండీ. మనిషితో పాటు తిరుగుతున్నాది," అని హెడ్మాస్టారితో చెప్పాడు పైడినాయుడు.

మూడోది, 'మొత్తము మార్చుము.'

హెడ్మాస్టారి ముఖం విప్పారింది. "అంటే టీసీ ఇచ్చేసి, ఇంకో పిల్లని..."

పరీక్షకి ఆరు వారాలుండగా నన్ను ఏ బడి చేర్చుకుంటుంది? కళ్ల ముందు ఖాళీ పీట ఒక్కటే కనిపించింది.

"పిల్ల బల్బు కాదండీ, మార్చడానికి," అన్నారు మాస్టారు. ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి విన్నాను.

పైడినాయుడు కాగితం వెనక్కి తిప్పి చూస్తున్నాడు. "ఆగండాగండి. నాలుగోది ఉన్నాది, చీమ తలకాయంత అచ్చరాల్తో." వేలు పెట్టి చదివాడు. "'పై మూడును ఫలించనిచో, యంత్రమును ఆపివేసి, అందుబాటులోనున్న సామగ్రితో, తగిన వ్యక్తి సహాయమున, లోపమున్నచోటనే మరమ్మతు చేయవచ్చును.' ఇదే సేద్దాం. మొత్తం మారిస్తే నాను నాలుగు కాగితాలు రాయాల. మరమ్మతైతే ఒకటే."

"మరమ్మతంటే ఏం చేస్తావ్?" అన్నారు హెడ్మాస్టారు అనుమానంగా.

"నాకేటి తెలుసండీ? మాస్టారూ, ఈ గుంటకి ఎక్కడ తెగిందో మీకు తెలుస్తాదా?"

"సైన్ తీటా దగ్గర," అన్నారు మాస్టారు వెంటనే.

"అయితే తగిన యెక్తి మీరే."

హెడ్మాస్టారు సర్క్యులర్‌ తెప్పించి మూడుసార్లు చదివారు. మళ్లీ బోధించడం నిషేధం. మరమ్మతు గురించి ఎక్కడా ఒక్క మాట లేదు. "సరే, మరమ్మతే చెయ్యండి. పొరపాటున కూడా పాఠం చెప్పకండి," అన్నారు.

యంత్రం ఆపేశారు. మైకులు చెవిటివయ్యాయి. అందుబాటులో ఉన్న సామగ్రి అంటే పైడినాయుడి నిచ్చెన. పన్నెండడుగులది. దాన్ని బయట బడి గోడకి ఆనించి మాస్టారు నా వైపు తిరిగారు.

"ఇప్పుడు చెప్పమ్మా. ఏది అర్థం కాలేదు?"

ఆ మాట నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. 'అర్థమైందా' అని అడుగుతారు గాని ఏది కాలేదని అడగరు.

"ఎదుటి భుజం అంటారు కదండీ. ఎవరికి ఎదురు? ప్రతి గీతా దేనికో దానికి ఎదురుగానే ఉంటుంది కదండీ?"

మాస్టారు నవ్వలేదు. "మంచి ప్రశ్న. నిచ్చెన అడుగు దగ్గరికొచ్చి నిలబడు. నువ్వే తీటావి. నీ ఎదురుగా ఏముంది?"

"గోడ."

"నీ కాళ్ల పక్కనుంచి గోడ దాకా?"

"నేల."

"ఈ ఏటవాలుగా ఉన్నది?"

"నిచ్చెన. అదే కర్ణమాండీ? నేను కర్ణమంటే చెవి అనుకున్నాను. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటుంది కదాని."

ఈసారి నవ్వారు. పైడినాయుడి టేపుతో నిచ్చెన తల సరిగ్గా ఆరడుగుల ఎత్తున ఉండేదాకా అడుగుని వెనక్కి లాగించారు. నా జామెట్రీ పెట్టెలోని కోణమానినితో కొలిపించారు. ముప్పై డిగ్రీలు. పన్నెండులో ఆరు. సగం. సైన్ ముప్పై ఎందుకు సగమో నా కళ్ల ముందు గోడకి ఆని ఉంది.

"అదేటండీ, మరీ వాల్చీసినారు. ఎక్కితే జారిపోద్ది," అన్నాడు పైడినాయుడు. "మేవయితే నాలుగడుగుల ఎత్తుకి ఒక్కడుగు దూరం జరుపుతాం. అంతకన్నా జరిపితే నడుం ఇరిగిపోద్ది."

"ఎదుటిది నాలుగు, పక్కది ఒకటి. అదే టాన్, నాయుడూ. రోజూ నువ్వు వేస్తున్న నిచ్చెన అది."

"నానా?" అన్నాడు పైడినాయుడు. కాసేపు నిచ్చెన వంక కొత్తగా చూశాడు. "ఐటీఐలో ఇది రాకే తప్పినాను మాస్టారూ."

గంటసేపటికి నాకు సైనూ, కాసూ, టానూ వచ్చేశాయి. ఇంతలో కిటికీ చువ్వలకి ముప్పై ముఖాలు అంటుకుని ఉన్నాయి.

"మాస్టారూ, మాకూ మరమ్మతు సేస్తారా?" అంది దమయంతి. నవ్వులాటకి అనడం లేదని గొంతులోనే తెలిసింది. దానికీ ఎక్కడో ఒక పీట ఖాళీగా ఉందని నాకప్పుడే తట్టింది.

"ఎలాగమ్మా? రికార్డు ప్రకారం మీలో లోపం లేదు."

"లోపం రావాలంటే ఏటి సెయ్యాల?"

మాస్టారు నా వైపు చూశారు. ఏమీ అనలేదు. ఆయన అనకూడదు. అంటే మెమో.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక, వంట షెడ్డు వెనక, ఎవరి ముందూ నోరు తెరవని నేను ముప్పై మందికి పాఠం చెప్పాను. ఒకే ఒక్క అక్షరం. "నే కాదు. లే. నాలిక పైకి మడవండి. లే." దమయంతికి పావుగంటలో వచ్చింది. చలపతికి మాత్రం 'కానేదు' పోయి 'కాల్లేదు' దగ్గర ఆగిపోయింది. "ఒలే అర్ధణా, నా నాలిక దానికి అందట్లేదే!" అని ఏడుపుముఖం పెట్టాడు. నాలిక కింద వేరుశనగ గింజ పెట్టి పలకమన్నాను. గింజ మింగేశాడు గాని 'లే' వచ్చింది.

మర్నాడు పొద్దున్న టీచరమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"అర్థం కాలేదు," అన్నాం ముప్పై ఒక్కమందిమి. ఆ ఎత్తులూ దూరాలూ నాకింకా రాలేదు గనక నేనన్నదీ నిజమే.

ఆ కూత పక్క ఊరి దాకా వినిపించిందట. ముప్పై ఒక్క లోపాలు ఒక్కసారి నమోదయ్యేసరికి తెర నల్లగా అయిపోయింది. పైడినాయుడు ముప్పై కాగితాలతో వచ్చి తల పట్టుకున్నాడు. ఒక్కడే ఇంతమందిని బాగు చెయ్యలేనని రాశాడు. మూడు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. 'తాత్కాలిక ఉపాధ్యాయుడు శ్రీ అప్పలసూరిని తాత్కాలిక మరమ్మతు సహాయకునిగా నియమించడమైనది.' మూడు వారాల పాటు బడి వెనక గోడ దగ్గర నిచ్చెన వేసి మాకు మరమ్మతులు జరిగాయి. పైడినాయుడు మా పక్కనే కూర్చుని, మాతో పాటే కాస్త కాస్తగా బాగయ్యాడు.

ఈలోపు మా దగ్గర రాసుకుని వెళ్లిన పన్నెండు బడులూ పిల్లలకి 'అర్థమవనేదు' బాగా నేర్పించి, నూటికి నూరు తెచ్చుకున్నాయి. మాది సున్నా. మార్చి మొదట్లో అవగాహనాధికారి గారు మండిపడుతూ దిగారు.

"జిల్లా యావత్తునకు అవగాహన నేర్పిన పాఠశాలలోనే సామూహిక అనవగాహన! ఏమిటీ విపరీతము?" అని, ఆయన వెంట తెచ్చుకున్న కాగితం చూసుకున్నారు. "పద్నాలుగవ ఆసనము మూల లోపము. మూలము సరియైనచో తక్కినవి తమంతట తామే సరియగును. యంత్రమును వేయుడు. ఆ బాలికను పలికించుడు."

తెర వెలిగింది. స్వాగత గీతం ఆరు నిమిషాలూ అందరం నిలబడ్డాం.

నాకు పాఠం వచ్చేసింది. వచ్చిందంటే ఫిర్యాదులన్నీ మూసేస్తారు. మాస్టారు మరమ్మతు సహాయకుడిగా ఉండరు. ఇంకా రెండు పాఠాలు మిగిలి ఉన్నాయి, సాంఖ్యకశాస్త్రం, సంభావ్యత. వాటికి నలభై నలభై నిమిషాల్లో తాళాలు పడిపోతాయి. రాలేదంటే అబద్ధం. మూడు వారాలు ఎండలో నిలబడి చెప్పిన మనిషి పక్కనుండగా ఆయన ముఖం మీద ఆ అబద్ధం ఆడలేను. దమయంతి బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది.

"అర్థమైందా, చిన్నారులూ?"

నాలుక ఎప్పటిలాగే ఎండిపోయింది. ఎండిన నాలుకతోనే మాట్లాడాను.

"త్రికోణమితి అర్థమైంది."

చుక్కలు రాలాయి. అధికారి గారు కాగితం మీద సంతకానికి పెన్ను తీశారు.

"సాంఖ్యకశాస్త్రం అర్థం కాలేదు," అన్నాను.

తెర ఎర్రబడింది. పెన్ను ఆగింది.

"అది ఇంకను బోధించబడలేదు కదా? బోధించని పాఠము అర్థము కాకపోవుట ఎట్లు?" అన్నారు ఆయన. ఈసారి గోడని కాదు, నన్నే చూశారు.

"చెప్పాక ఎలాగూ కాదండి. అప్పుడు మళ్లీ మీకు శ్రమ. ముందే రాసేసుకోండి."

హెడ్మాస్టారు కళ్లు మూసుకున్నారు. పైడినాయుడు మాత్రం సంచిలోంచి కాగితం తీసి, తల గోక్కుంటూ, "మోటార్లకైతే అలగే సేస్తాం సార్. పాడవ్వక ముందే ఇప్పి బాగు సేసీసి మరీ ఏస్తాం. అప్పుడింక ఆగిపోదు," అన్నాడు.

అధికారి గారి ముఖంలో నెమ్మదిగా వెలుగు వచ్చింది. "ముందస్తు మరమ్మతు," అన్నారు. ఆ మాటని మరోసారి అని రుచి చూశారు. "ముందస్తు మరమ్మతు! ఇది నా మనసులో చాలా కాలముగా ఉన్నదే. వ్రాసికొనుడు. ఇకపై జిల్లాలోని అన్ని పాఠశాలలందును, యంత్రము పాఠము చెప్పుటకు ముందే, తగిన వ్యక్తి యొకడు విద్యార్థుల ఎదుట నిలబడి, ఆ పాఠమును వారికి విశదముగా వివరించి, వారి సందేహములను తీర్చి, వారిని మరమ్మతు చేసి ఉంచవలెను. ప్రపంచమున ఇట్టి పద్ధతి మరెచ్చటను లేదు."

హెడ్మాస్టారు చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. తెర కూడా కొట్టింది.

ఆయన కారు గేటు దాటాక యంత్రం ఆపేశారు. అప్పలసూరి మాస్టారు చేతులు దులుపుకుని సగటు అంటే ఏమిటో చెప్పారు. మా ఇళ్లలో ఎంతమంది ఉన్నారో అడిగి, ఆ అంకెలతోనే లెక్క చేసి చూపించారు. చెప్పడం అయ్యాక, అలవాటు కొద్దీ, "అర్థమైందా?" అన్నారు.

ఇరవై రెండు మంది అయిందన్నారు. తొమ్మిది మందిమి కాలేదన్నాం. చలపతి ఇంటి భాషలోనే అన్నాడు.

మాస్టారు మళ్లీ మొదటి నుంచీ చెప్పారు.